కాకి పెట్టె

"అమ్మా, ఈ కాఫీలో పంచదార వేశావా?" అని కొడుకు మళ్ళీ అడిగాడు.

డ్రిల్లు టీచరు జవాబివ్వలేదు. పంచదార డబ్బా తెచ్చి అతని ముందు ఠక్కున పెట్టింది. చెంచా ఇంకాస్త గట్టిగా పెట్టింది.

"వేశావో లేదో చెప్తే అరిగిపోతావా?"

ఆవిడ పొయ్యి వైపు తిరిగింది.

చెల్లెలి ఇంటి నుంచి తిరిగొచ్చిన సాయంత్రం మొదలు ఆవిడ నోరు కుట్టేసుకుంది. ఉత్త అలకేలే అని మొదట కొడుకు పట్టించుకోలేదు. అలకైతే గిన్నెల మీద విసుక్కోవడం, గోడకి చెప్పినట్టు నాలుగు మాటలు అనడం ఉంటాయి. ఇందులో అవేమీ లేవు. దగ్గొస్తే తువ్వాలు అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. ఫోను మోగితే దాని వైపు చూస్తోందే తప్ప ఎత్తడం లేదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ విజిలు లేకుండానే బడి మైదానం మొత్తాన్ని ఒక్క కేకతో నిలబెట్టిన మనిషి. రిటైరయ్యాక కూడా వీధిలో అందరూ ఆవిడని డ్రిల్లు టీచరనే పిలుస్తారు. ఆ గొంతు లేని ఇల్లు ఎవరో ఖాళీ చేసి వెళ్ళినట్టుంది.

కోడలు లోపలి గదిలోంచి వచ్చింది. మూత తెరిచిన లాప్‌టాప్‌ని పళ్ళెంలా రెండు చేతులతో పట్టుకుంది. మొహం పాలిపోయింది.

"కళాకేంద్రం వాళ్ళు రాశారు" అంది భర్తతో.

"ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నారు. అల్లికని హాల్లో పెద్ద తెర మీద పెడతారట. ఏడాది పొడుగునా ఉంచుతారట."

"మరి ఆ మొహం ఏమిటి?"

"అందులో ఉన్న గొంతులు ఎవరివో వాళ్ళు స్వయంగా ఒప్పుకోవాలట. సంతకం చాలదు. 'ఈ గొంతు నాది, వాడుకోండి' అని వాళ్ళ నోటితోనే చెప్పి రికార్డు చేసి పంపాలి. ఈ సాయంత్రం లోపల."

ఇద్దరూ డ్రిల్లు టీచరు వైపు చూశారు.

"ఇంతేనా" అన్నాడు కొడుకు. "నువ్వూ నీ డబ్బాలాటా. అమ్మా, సరే అను."

డ్రిల్లు టీచరు చేతులు కడుక్కుంది. తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకుంది. వాళ్ళిద్దరి మధ్య నుంచి నడిచి తన గదిలోకి వెళ్ళి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది. విసిరి వేసినా బాగుండేదని కోడలికి అనిపించింది.

"చూసుకుంటావుగా" అని కొడుకు పనిముట్ల సంచి భుజాన వేసుకున్నాడు. లిఫ్టుల మెకానిక్కు అతను. ఎక్కడ లిఫ్టు ఆగినా కబురొస్తుంది, పరుగెత్తాలి. ఎక్కడికెళ్ళినా నలుగురినీ నవ్వించి గానీ కదలడు. "మధ్యాహ్నానికి కరిగిపోతుంది. మా అమ్మ సంగతి నాకు తెలియదా."

తలుపు వెనక మంచం మీద కూర్చుని డ్రిల్లు టీచరు ఆ మాట విన్నది. విని పళ్ళు బిగించింది.

కోడలు ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుని తయారుచేస్తున్న వస్తువు పేరు అల్లిక. అది ఇంటర్నెట్టులో ఒక పేజీ. తెరిస్తే ఖాళీ తెర. దాని మీద పెట్టెలు పరుచుకోవచ్చు. కొన్ని పెట్టెల్లో శబ్దాలుంటాయి, కొన్నిట్లో శబ్దాన్ని సాగదీసేవో నరికేవో పనులుంటాయి. వేలితో ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకి తీగ లాగితే శబ్దం ఇందులోంచి అందులోకి పారుతుంది. ప్రోగ్రాము అంటే ఏమిటో తెలియనివాళ్ళు కూడా దాంతో శబ్దాల బొమ్మలు కట్టుకోవచ్చని కోడలి మాట. మొదటిసారి వచ్చినవాళ్ళు ఆడుకోవడానికని ఆమె కొన్ని పెట్టెలు ముందే సిద్ధంగా పెట్టింది. కుళాయి, తలుపు గడియ, వాన, కాకి.

ఆ కాకిని చెల్లెలి మనవరాలు తన ఫోనులో మోగించింది. ఆ రోజు చెల్లెలి ఇంట్లో అందరూ ముందు గదిలో కూర్చుని ఉన్నారు. "ఇది విను అమ్మమ్మా, లోకమంతా దీంతోనే ఆడుకుంటున్నారు" అంది ఆ పిల్ల. రేకు మీద మేకు గీసినట్టు ఒక అరుపు సాగి సాగి పైకి పోయి విరిగింది. పడీ పడీ నవ్వారు. డ్రిల్లు టీచరు కూడా కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతుండగానే ఆ చివరి విరుపు చెవిన పడింది. మైదానం అవతలి పిల్లల్ని పిలిచేటప్పుడు తన గొంతు అలాగే పైకెగిరి విరుగుతుంది. చెల్లెలు కూడా ఆనవాలు పట్టింది. ఇటు చూసి నవ్వు ఆపేసింది. అందరి నవ్వు కన్నా చెల్లెలు ఆపేసిన ఆ నవ్వే ఎక్కువ కాల్చింది.

వంటింట్లో తాను ఎప్పుడో కేకలేస్తుంటే కోడలు చాటుగా పట్టుకుని ఉంటుందని ఆవిడ లెక్క. పట్టుకుంటే పట్టుకుంది, దానికి కాకి అని పేరు పెట్టింది. ఇక ఈ ఇంట్లో ఎవరి చేతికీ నా గొంతు దొరకనివ్వను అని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది.

ఇప్పుడు వాళ్ళకి ఆ గొంతే కావాలి. ఇవ్వాలో వద్దో తన చేతిలో ఉంది. మంచం మీద కాళ్ళు చాపుకుని డ్రిల్లు టీచరు చాలా రోజుల తర్వాత హాయిగా నడుం వాల్చింది.

తలుపు మీద వేలితో తట్టిన చప్పుడు.

"అత్తయ్యా, లోపలికి రానా?"

కోడలు వచ్చి నిలబడింది. కూర్చోమని ఎవరూ అనలేదు కాబట్టి నిలబడే ఉంది.

"మీరు కాకి విన్నారని మీ చెల్లెలుగారు చెప్పారు. పేరు అలా పెట్టకుండా ఉండాల్సింది. తప్పే. మీకు చెప్పకుండా గొంతు వాడటం ఇంకా పెద్ద తప్పు. ఆ పెట్టె తీసేద్దామని నిన్న చూశాను. తీస్తే వందలమంది కట్టుకున్నవి కూలిపోతాయి. వాళ్ళ తీగలన్నీ దానికే తగులుకుని ఉన్నాయి. కేంద్రం వాళ్ళకి నచ్చినవన్నీ దాని మీదే నిలబడ్డాయి."

డ్రిల్లు టీచరు కిటికీలోంచి బయటికి చూస్తోంది.

"ఒక్కసారి సరే అనండి అత్తయ్యా. మీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను. ఒక్కసారి అనండి. నాలుగేళ్ళు కళ్ళు పోగొట్టుకున్నాను దీని మీద. మీరు ఊఁ అనకపోతే మొత్తం పోతుంది. అనండి అత్తయ్యా."

చెప్పేకొద్దీ గొంతు సన్నబడిపోయింది. ఆ సన్నదనం డ్రిల్లు టీచరుకి చల్లగా తగిలింది. కోడలి చేతిలోని ఫోను వైపు చూసింది. కోడలికి అర్థమై దాన్ని ఆపేసి, బయటి గదిలో పెట్టి వచ్చింది. ఖాళీ చేతులు చూపించింది.

"నేర్పు" అంది డ్రిల్లు టీచరు. ఇన్నాళ్ళ మౌనంతో గొంతు బొంగురుపోయింది.

"ఏమిటండీ?"

"ఆ పెట్టెల పని. నాకూ నేర్పు. సంగతి తర్వాత చూద్దాం."

కోడలు నమ్మలేనట్టు చూసి, కళ్ళు తుడుచుకుని, గబగబా తల ఊపింది. దిండు పక్కనున్న చేతిసంచిలో అత్తగారి ఫోను మొదటి మాట నుంచీ రికార్డు చేస్తూనే ఉందని ఆమెకి తెలియదు.

కోడలి పనిబల్ల బట్టలు ఆరేసే వరండాలో ఉంది. తడి దుప్పట్ల మధ్య ఒక కుర్చీ, ఒక స్పీకరు, పెద్ద తెర. అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి ఆమె పక్కన నిలబడింది.

"ఇది మూల పెట్టె అత్తయ్యా. శబ్దం ఇందులో పుడుతుంది. చివర ఉన్నది స్పీకరు. మధ్యలో మీ ఇష్టం."

"నొక్కాను. మోగలేదు."

"పేజీ తెరవగానే మోగడానికి బ్రౌజరు ఒప్పుకోదు. మనిషి ఒకసారి ముట్టుకుంటేనే అనుమతిస్తుంది. అక్కడ ఖాళీ చోట తట్టండి."

"అంటే వినేవాళ్ళ అనుమతి కావాలి. అరిచినవాళ్ళది అక్కర్లేదు."

కోడలి మొహం కందిపోయింది. డ్రిల్లు టీచరు తెర మీద తట్టింది. కుళాయి కారడం మొదలైంది. తీగ లాగి నరికే పెట్టెకి కలిపింది. నీళ్ళు చుక్కలయ్యాయి. ఇంకో తీగ లాగి వేగం పెంచింది. చుక్కలు చప్పట్లయ్యాయి.

ఆవిడకి తెలియకుండానే పాదం తాళం వేసింది.

"అదిగో" అంది కోడలు సంబరంగా. "ఆ తాళం తప్పకుండా రావడానికి ఎన్నాళ్ళు ఏడ్చానో. తెర మీద తీగ కదిలినప్పుడల్లా శబ్దం తడబడేది. తాళం కొలిచే గడియారం బొమ్మల వైపు పెట్టడం నా తప్పు. తర్వాత శబ్దం వైపు గడియారం పెట్టి, బొమ్మల్నే దాని వెంట నడిపించాను."

"డప్పు వెంట కాళ్ళు నడవాలి. కాళ్ళ వెంట డప్పు నడిస్తే వరస చెడుతుంది."

"అచ్చం అదే." కోడలు నవ్వింది. ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చి ఇద్దరూ అటూ ఇటూ చూశారు.

డ్రిల్లు టీచరు ప్రతిధ్వని పెట్టె తెచ్చింది. దాని కొసనుంచి తీగ లాగి, ఎవరూ చెప్పకుండానే తిరిగి దాని మొదటికే తగిలించింది. శబ్దం తనని తానే మింగి మింగి ఊళ పెట్టింది. దుప్పట్లు వణికాయి. కోడలు గబుక్కున స్పీకరు శబ్దం తగ్గించింది.

"అలా ఎవరూ కలపరనుకున్నాను."

"కలిపాను కదా."

"చెవులు పోతాయి. హాల్లో పిల్లలు కూడా ఉంటారు. ఉండండి, ఇప్పుడే సరిచేస్తాను." ఆమె వంగి కీబోర్డు అందుకుంది. తీగ ఎప్పుడు చుట్టు తిరిగి వెనక్కి వచ్చినా శబ్దం మెల్లగా నీరసపడేలా రాస్తోందని, రాస్తూ రాస్తూ తనలో తనే గొణుక్కోవడం వల్ల తెలిసింది. పక్కన మనిషి ఉన్నదన్న ధ్యాసే లేదు. ఆగకుండా ఆడుతున్న వేళ్ళు, వంగిన మెడ, ముడి జారిన జుట్టు. డ్రిల్లు టీచరు ఆ మెడ వైపే చూస్తూ కూర్చుంది. ఇంత పనిమంతురాలివి, నీకు నేనే దొరికానా అనుకుంది.

"మరి బయటి శబ్దం ఏదైనా ఇందులోకి తేవాలంటే?" అని మామూలుగా అడిగింది.

కోడలు అంతే మామూలుగా చూపించింది. ఫోనులోంచి తెర మీదికి పంపాలి. పెట్టె దానంతటదే తయారవుతుంది. రెండు గుర్తులుంటాయి, మొదలు, చివర. వాటిని జరిపి కావలసిన ముక్క మాత్రం ఉంచుకోవచ్చు. మిగతాది పోదు, పెట్టెలోనే ఉంటుంది. వినబడదు, అంతే. పెట్టె పేరు మీద రెండుసార్లు తడితే లోపలంతా తెరుచుకుంటుంది.

"కానీ మీ పెట్టెని మీరే తెరవగలరు. వేరేవాళ్ళకి ఆ ముక్కే కనిపిస్తుంది" అంది. తర్వాత స్పీకరు తీగ సరిగ్గా లేదని, కొత్తది తెస్తానని చెప్పి బయటికి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ, "సాయంత్రం లోపల అత్తయ్యా" అంది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు దూరమయ్యాక డ్రిల్లు టీచరు కుర్చీ ముందుకి లాక్కుంది.

ఫోనులోంచి పొద్దుటి రికార్డు తెచ్చింది. కోడలి బతిమాలుడంతా పెట్టెలో పడింది. "అనండి అత్తయ్యా" అన్న ముక్క దగ్గర గుర్తులు పెట్టింది. వేగం పెంచింది. అనండి అనండి అనండి. ఇంకా పెంచింది. మాట అరిగిపోయి మే మే మే అని మిగిలింది. పెట్టెకి పేరు పెట్టమని తెర అడిగింది.

మేక, అని రాసింది.

ఎన్నాళ్ళకో కడుపు నిండినట్టయింది. కేంద్రంలో పెద్ద తెర మీద, పెద్దవాళ్ళందరి ముందూ ఇది అరవాలి. "ఇది ఎవరి గొంతండీ?" అని ఎవరో ఒకరు అడగాలి. అప్పుడు తను లేచి చెప్పాలి. ఒంటరిగా అరిస్తే బాగుండదని, పక్కన కాకి ఉంటే జత కుదురుతుందని తోచింది. కాకి కసరాలి, మేక ఏడవాలి. సిద్ధంగా ఉన్న పెట్టెల్లోంచి కాకిని లాగి తెచ్చుకుంది. ఇన్నాళ్ళూ దాన్ని ముట్టడానికే ఒళ్ళు మండేది. ఇప్పుడు చేతికి పనొచ్చింది కాబట్టి ధైర్యమూ వచ్చింది.

తెర ఇంకా కోడలి పేరు మీదే తెరిచి ఉంది. పేరు మీద రెండుసార్లు తట్టింది.

పెట్టె తెరుచుకుంది. మోగే ముక్క చాలా చిన్నది. దాని ముందు ఇంకా బోలెడంత ఉంది. వంటింట్లో ఏ మాటకి కేకలేశానో చూద్దామని మొదలు గుర్తుని పట్టుకుని పూర్తిగా వెనక్కి లాగింది.

ముందు అడుగుల చప్పుడు. తర్వాత కోడలి గొంతు, కంగారుగా.

"లిఫ్టులో ఉన్నది అత్తయ్యే. ముందు తలుపు తీయండి."

తర్వాత ఒక నవ్వు. తొమ్మిది నెలలు మోసి కన్న మనిషి ఆ నవ్వుని ఎక్కడైనా గుర్తుపడుతుంది.

"ఉండవే. నీ రికార్డరు ఇలా తలుపు దగ్గర పెట్టు. చుట్టూ ఇనప గోడలు కదా, ఎలా మోగుతోందో విను. అచ్చం కాకి."

"భయపడుతున్నారండీ."

"లిఫ్టు పడిపోదు. నాకు తెలుసుగా."

"ఆవిడకి తెలియదు కదా."

"ఇంకాసేపు అరవనీ. ఇలాంటి శబ్దం నీకు మళ్ళీ దొరకదు. కాకి అని పేరు పెట్టుకో."

ఆ వెనక, రేకు గోడల లోపలి నుంచి, తన గొంతు. ఎవరైనా ఉన్నారా అంటోంది. చీకటిగా ఉంది అంటోంది. ఊపిరి అందక ఆగి, మళ్ళీ ఉన్న బలమంతా పెట్టి ఒకే ఒక్క మాట పిలిచింది.

నాన్నా.

కొడుకుని చిన్నప్పటి నుంచీ ఆవిడ పిలిచే పిలుపు. ఆ పిలుపు చివరి దీర్ఘమే కాకి. లోకమంతా ఆడుకుంటున్నది దాంతోనే.

డ్రిల్లు టీచరు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లిఫ్టు మధ్యలో ఆగిపోయిన ఆ రోజు దాని నేల మీద చతికిలబడి, గుండె చేత్తో పట్టుకుని, ఇక్కడే పోతాననుకుంది. తలుపు తెరుచుకుంటే ఎదురుగా కొడుకు. రొప్పుతూ, "పని మధ్యలో వదిలేసి పరుగెత్తుకొచ్చానమ్మా" అన్నాడు. ఆ మాట ఆవిడ ఎంతమందికి చెప్పుకుందో. చెల్లెలి ఇంట్లో కూడా, ఆ పిల్ల ఫోను తీయడానికి కాస్త ముందే చెప్పింది. నా కొడుకు కాబట్టి సరిపోయింది అంది.

రొప్పింది కూడా నటనే అన్నమాట.

ఏడుపు వస్తుందేమోనని చూసుకుంది. రాలేదు. లోపల ఎక్కడో చాలా నిబ్బరంగా ఉంది. పిల్లలు వరసలో నిలబడ్డాక, కేక వేయడానికి ముందు ఊపిరి పీల్చుకునేటప్పుడు ఉండే నిబ్బరం.

మేక పెట్టెని చెరపలేదు. పక్కకి జరిపింది. దాని సంగతి వేరే తేల్చుకోవాలి.

కోడలు తీగ చుట్ట పట్టుకుని వరండాలోకి వచ్చేసరికి స్పీకరులోంచి ఆమె గొంతే ఎదురొచ్చింది. "ఆవిడకి తెలియదు కదా."

కోడలు గుమ్మంలోనే ఆగిపోయింది. చివరిదాకా విన్నారు ఇద్దరూ.

"మీరు అది వినకూడదనే ముందు భాగం కోశాను" అంది కోడలు.

"నా కోసం కోశావా, వాడి కోసమా?"

కోడలు ఆలోచించింది. "మొదట ఆయన కోసం. తర్వాత నా కోసం. ఆ శబ్దం వదులుకోలేకపోయాను. అంత బాగుంది. అబద్ధం చెప్పను."

"తలుపు నువ్వు తీయొచ్చుగా?"

"తాళం చెవి ఆయన జేబులో ఉంది. లాక్కోలేదు. లాక్కోవలసింది."

"పేరు వాడు పెట్టాడని ఈ నాలుగు రోజుల్లో ఒక్కసారైనా అన్నావు కాదు. నా తిట్లన్నీ నీ మీదే పడ్డాయే."

"మీరు తిట్టలేదుగా. మాట్లాడలేదు."

"మనసులో తిట్టాను."

కోడలు తీగ చుట్ట బల్ల మీద పెట్టింది. "చెప్తానన్నాను ఆయనతో. వద్దన్నారు. 'ఎలాగూ అత్తాకోడళ్ళు కదా, నీ మీద పడితే ఎవరూ ఆశ్చర్యపోరు' అన్నారు. నవ్వుతూనే అన్నారు."

వరండాలో దుప్పటి అంచు నుంచి నీటిచుక్కలు రాలుతున్నాయి. డ్రిల్లు టీచరు కుర్చీలోంచి లేవకుండానే చెయ్యి చాచింది.

"నీ రికార్డరు తే."

కోడలు తెచ్చి ఇచ్చింది. ఆవిడ దాన్ని నోటికి దగ్గరగా పట్టుకుంది. మైదానం గొంతుతో కాదు, హాజరు పిలిచే గొంతుతో, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది.

"కాకి అనే పెట్టెలో ఉన్న గొంతు నాది. ఎవరైనా వాడుకోవచ్చు. నాకు అభ్యంతరం లేదు. కాకపోతే రికార్డు మొదలు నుంచి చివరిదాకా ఉండాలి. ముందు భాగం కోస్తే నేను ఒప్పుకున్నట్టు కాదు."

రికార్డరు ఆపి కోడలి చేతిలో పెట్టింది.

కోడలి మొహంలో రంగు తగ్గిపోయింది. "మొత్తం పెడితే ఆయన గొంతు అందరూ వింటారు. ఆయన పనిచేసేచోట కూడా వింటారు. లోపల మనిషి అరుస్తుంటే బయట నవ్వుతూ నిలబడ్డ మెకానిక్కుని ఎవరు ఉంచుకుంటారు అత్తయ్యా?"

"ఎవరూ ఉంచుకోరు."

"మీ కొడుకండీ."

"ఎవరి కొడుకో నాకు గుర్తు చేయక్కర్లేదు."

"నేను పెట్టనంటే?"

"నీ అల్లిక పోతుంది. నాలుగేళ్ళూ పోతాయి. ఏది పోనిస్తావో నువ్వే తేల్చుకో. నన్ను ఎవరూ అడగలేదు. నేను నిన్ను అడుగుతున్నాను."

అని చెప్పి ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళి కాఫీకి నీళ్ళు పెట్టింది. కోడలు కుర్చీలో కూర్చుంది. తెర మీద కాకి పెట్టె అలాగే తెరిచి ఉంది. పక్కన ఇంకో కొత్త పెట్టె కనబడింది. మేక అని రాసి ఉంది. నొక్కి విన్నది. వింటూ వింటూ తన గొంతుని తనే ఆనవాలు పట్టింది. వంటింటి వైపు తలతిప్పి చూసింది. డ్రిల్లు టీచరు అక్కడి నుంచి తిన్నగా ఇటే చూస్తోంది. దాచడానికి ప్రయత్నించలేదు.

"ఇది కూడా పెట్టనా?" అని కోడలు అడిగింది.

"నిన్ను అడగకుండా పెట్టను. నీకూ నాకూ తేడా ఉండాలిగా."

కాఫీ రెండు గ్లాసుల్లో వచ్చింది. ఇద్దరూ భోజనాల బల్ల దగ్గర ఒకరి ఎదురుగా ఒకరు కూర్చుని తాగారు. గ్లాసు సగం అయ్యాక కోడలు లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని ఏదో చేయడం మొదలుపెట్టింది. ఏం చేస్తున్నావని అత్తగారు అడగలేదు.

మెట్ల మీద పనిముట్ల సంచి గలగలలాడింది. ఈల వేసుకుంటూ కొడుకు లోపలికి వచ్చాడు. బల్ల దగ్గర ఆడవాళ్ళిద్దరినీ చూసి మొహం విప్పారింది.

"ఏమ్మా, నోటికి వేసిన తాళం తీశావా?"

"తీశాను నాన్నా. కూర్చో."

"చూశావా" అన్నాడు భార్యతో, సంచి దించుతూ. "మధ్యాహ్నానికి కరుగుతుందని చెప్పానా లేదా? మరి సరే అందా?"

"అన్నారు."

"పంపేశావా?"

"పంపబోతున్నాను." కోడలు తెర అతని వైపు తిప్పింది. కేంద్రానికి వెళ్ళాల్సినవన్నీ సర్ది ఉన్నాయి. ఆమె కాకి పెట్టె నుంచి స్పీకరుకి ఒక తీగ లాగింది, మధ్యలో ఏ పెట్టే లేకుండా. ఒక వేలు 'పంపు' అనే గుర్తు మీద ఉంచింది. "పంపేముందు అడగాలి కదా. మీరు ముందే వింటారా, అందరితో పాటు వింటారా?"

అతను నవ్వాడు. "అందులో వినడానికేముందే. మా అమ్మ కాకి అరుపే కదా."

అన్నాక తల్లి ఎదురుగా ఉందని గుర్తొచ్చింది. అలవాటు కొద్దీ ఆవిడ కూడా నవ్వుతుందేమోనని అటు చూశాడు.

కోడలు రెండో చేత్తో తెర మీద తట్టింది. వరండాలోని స్పీకరులోంచి అడుగుల చప్పుడు వినబడింది. ఆ వెనకే ఆమె కంగారు గొంతు. ఆ వెనక అతని నవ్వు. కుర్చీలో కూర్చున్న అతని మొహం మీద నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. ఎటు పోవాలో తెలియక అక్కడే నిలిచిపోయింది. చిన్నప్పుడు కిటికీ అద్దం పగలగొట్టి ఇంటికొచ్చిన రోజు కూడా ఆ మొహం అలాగే ఉంది. ఇంకో క్షణంలో అది ఏమైపోతుందో డ్రిల్లు టీచరుకి తెలుసు.

జాలి వేసింది.

ఆవిడ లేచి స్పీకరు దగ్గరికి వెళ్ళింది. శబ్దం తగ్గిస్తుందేమోనని కోడలు చూసింది. తగ్గించమన్నట్టు కొడుకు చెయ్యి సగం లేచింది.

డ్రిల్లు టీచరు స్పీకరు మర తిప్పి శబ్దం ఇంకాస్త పెంచింది.